డ్రాయింగులో లేని మందం

ఈ హిందీ ఊళ్లో, టాటీబంధ్ స్టాపులో బస్సెక్కితే, పక్క సీటు పెద్దాయన ఒళ్లో ఇనుప భాగాలు పోతపోసే చెక్క అచ్చు ఒకటి ఉంది. ఫోన్లో నా తెలుగు విని, "మనోళ్లేనా బాబూ" అన్నాడు. ఇరవై రెండేళ్లు ఒకే మిల్లుకి పోతపోశాడట. ఇప్పుడు మిల్లువాళ్లు ఆర్డరు వేరేవాళ్లకిచ్చి, తమ అచ్చు వాపసు ఇమ్మని ఉత్తరం పంపారట.

అచ్చు మూల మీద బొటనవేలు పెట్టాడు. "పోతపోసిన భాగం ఈ మూల దగ్గర విరిగే మిల్లులో ఒకతని చెయ్యి పోయింది. మర్నాడు వాళ్ల ఫోర్‌మనూ నేనూ కూర్చుని ఇక్కడ మందం పెంచాం. డ్రాయింగులో మాత్రం పాత కొలతే ఉంది. కొత్తవాళ్లు ఆ డ్రాయింగు చూసి వేరే అచ్చు చేసుకున్నారు."

"మిల్లులో చెప్పలేదా?"

"ఫోర్‌మన్ రిటైరైపోయాడు. కొత్త సాబ్ డ్రాయింగు ప్రకారం ఉంటే చాలన్నాడు. ఇచ్చేశాక దీన్ని స్క్రాప్‌లో వేస్తారు."

నేనేం పని చేస్తుంటానని అడిగాడు. ఆఫీసు పని అన్నాను. నిజానికి మరో ఫ్యాక్టరీకి సరుకు కొనేది నేనే.

దిగేముందు, దెబ్బ తగలకుండా ఆ మూలకి తువ్వాలు చుట్టాడు.

అచ్చు వాపసు ఇమ్మనే అలాంటి ఉత్తరాలు ఆ వారమే నేను రెండు పంపి ఉన్నాను. డ్రాయింగులో లేనిది మీ దగ్గర ఏమైనా ఉందా అని ఆ ఇద్దరిలో ఎవరినీ అడగలేదు.