బరువు ఏ కాలి మీద

జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో మేనేజరు గారి భార్య ఒకావిడ ఉండేవారు. పుణెలో నేర్చుకున్న టాంగో డాన్సును ఆదివారం సాయంత్రాలు క్లబ్బులో మా ఆడవాళ్ళకు నేర్పేవారు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఒకరి భుజం మీద ఒకరం చెయ్యేసుకుని నడిచేవాళ్ళం. టాంగో అంటే చాలావరకు నడకే; ఒకరు ముందుకు నడిపిస్తే, రెండోవారు ఆ కదలికను బట్టి వెనక్కి అడుగెయ్యాలి. మగవాళ్ళు కిటికీలోంచి చూసి నవ్వుకునేవారు.

నేను కాలనీ బడిలో టీచర్ని, కథలు రాస్తాను. నాకు తొందరెక్కువ. నేను ముందుకు అడుగేసినప్పుడల్లా ఆవిడ కళ్ళు మూసుకుని కదలకుండా నిలబడిపోయేవారు.

“నా బరువు ఏ కాలి మీదుందో చూసుకున్నారా టీచర్ గారూ? బరువున్న కాలు ఎలా తీస్తానండీ?”

ఒకసారి నా కథ చదవమని ఇచ్చాను. అందులో తాగొచ్చి కొట్టే మొగుణ్ణి భార్య చివరి పేజీలో క్షమిస్తుంది. ఆవిడ చదివి కాగితాలు తిరిగిచ్చేశారు.

“ఈ అమ్మాయి క్షమించలేదండీ. మీరు నెట్టారు.”

నాకు ఒళ్ళు మండింది. ఆ ఆదివారం క్లబ్బుకు పోలేదు. తర్వాత చివరి పేజీ చింపేసి, ఆ అమ్మాయిని నందిగామ బస్సు కోసం రోడ్డు మీద నిలబెట్టి వదిలేశాను. బస్సెక్కుతుందో లేదో నాకూ తెలియదు.

మేనేజరు గారికి బదిలీ అయింది. వెళ్ళే రోజు ఆయన కార్లో కూర్చుని హారన్ కొడుతున్నారు. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. నా అంతట నేను ఒక అడుగు వెనక్కి వేసేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.