ఎరిగి చేసినవాడు

ఈ ఏడు గుడ్ ఫ్రైడేకు వారం ముందు, ఖమ్మంలో మా ఇంటి వరండాలో కూర్చుని కొత్త చింతపండు గింజలు తీస్తుంటే ఇల్లందు నుంచి ఫోను వచ్చింది. చేసింది నేను చిన్నప్పుడు పెరిగిన చర్చికి ఈ మధ్యే వచ్చిన కుర్ర పాస్టరుగారు. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో మొదటి మాట మీద ఈసారి నేను మాట్లాడాలట. మన తరంలో క్రైస్తవ ఇళ్లలో పుట్టినవాళ్లకు ఆ మధ్యాహ్నపు ఆరాధన గురించి చెప్పనక్కర్లేదు. ఒక్కో మాట ఒక్కొక్కరికి పంచడం, పంచిన దగ్గర అలకలు, ఉపవాసంతో కడుపులు కాలుతుంటే నాలుగో మాటకల్లా పిల్లలంతా తల్లుల ఒళ్లో వాలిపోవడం. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: తనకు మేకులు కొడుతున్నవాళ్లను చూసి, వీళ్లేం చేస్తున్నారో వీళ్లు ఎరుగరు కాబట్టి క్షమించమని ఆయన తండ్రిని వేడుకోవడమే మొదటి మాట.

చివర్లో పాస్టరుగారు సంతోషంగా ఒక సంగతి చేర్చారు. సర్దారు తాతగారు మంచానపడ్డా ఆ రోజుకు చక్రాల కుర్చీలో ముందు వరసకు వస్తారట. నేను వెంటనే ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో పాపం ఆ అబ్బాయికి ఏం తెలుసు! ఆ పేరు వినగానే ఇంత వయసొచ్చిన నాలో ఒక చిన్నపిల్ల లేచి పటపట పళ్లు కొరికింది.

మా నాయన బొగ్గుబాయిలో టబ్బులు నింపేవాడు. కంపెనీ కార్మికులకు కట్టించిన లైన్లలో ఒక గది, ముందు రేకుల పంచ, అదీ మా ఇల్లు. ఆదివారం చర్చిలో డోలక్ ఆయనదే. సంతలో అమ్మ కుండ బేరమాడుతుంటే ఆయన వేలితో తట్టి చూసి, ఖంగుమంటే తీసుకో, డొల్లగా పలికితే వదిలెయ్ అని నాకు నేర్పేవాడు. బాయిలో పైకప్పునూ అలాగే చూస్తారని కూడా ఆయనే చెప్పాడు. మనుషుల్ని లోపలికి పంపేముందు సర్దారు అనే అధికారి కర్రతో పైబండను తట్టి వినాలి. గట్టి బండ ఖంగుమంటుంది. వదులైనది డొల్లగా పలుకుతుంది. ఆ చెవి మీదే అందరి ప్రాణాలూ.

ఒక రోజు మొదటి షిఫ్టులో బండ డొల్లగా పలికింది. సర్దారు విన్నాడు, మా నాయన విన్నాడు, మా నాయనతో జతగా పనిచేసే మా చిన్నాయనా విన్నాడు. నాయన వెనక్కి తగ్గితే, ఏం కాదు, ఉన్న టబ్బులు జల్దీ నింపి బయటపడుండ్రి, లేకుంటే రేపటి నుంచి పనికి రావద్దని సర్దారు గద్దించాడట. ఆ సాయంత్రం చిన్నాయన మా పంచలో కూలబడి తల కొట్టుకుంటూ అమ్మకు చెప్పిన మాటలివి. గుమ్మం పక్కన నిలబడి నేనూ విన్నాను. అప్పటికి బండ పడింది, నాయన లేడు.

తర్వాత ఆఫీసులో ఎంక్వయిరీ జరిగింది. తాను వద్దని చెప్పినా మృతుడే మొండిగా లోపలికి వెళ్లాడని సర్దారు సాక్ష్యం చెప్పాడు. చిన్నాయన సర్దారు ముఖం చూసి, పని పోతుందని జడిసి, తనకేమీ వినబడలేదన్నాడు. తప్పు మా నాయన మీద రాసేశారు. మట్టి కప్పిన మనిషి మీద ఇంకో బండ పడేశారు. లైన్లలో నీళ్ల పంపు దగ్గర ఆడవాళ్లు, చెప్పినా వినకపాయె, పిల్లల మొకమన్నా జూడకపాయె అని నిట్టూరుస్తుంటే అమ్మ బిందె సగంలోనే ఎత్తుకుని వచ్చేసేది. మనిషి పోయిన దుఃఖం ఒక ఎత్తు, తప్పు ఆయనదే అన్న మాట ఇంకో ఎత్తు.

కొన్నాళ్లకు సర్దారు మా చర్చికే రావడం మొదలుపెట్టాడు. భార్యకు పెద్ద జబ్బు నయమైందట, మారుమనసు వచ్చిందట, బాప్తిస్మం పొందాడు. ఆ ఆదివారం లేచి నిలబడి ఆయన చెప్పినదాన్ని కూడా సాక్ష్యమే అన్నారు. ఒకే నోరు, ఒకే మాట, ఆఫీసులోనూ సాక్ష్యమే, గుడిలోనూ సాక్ష్యమే! తాను ఘోరపాపినని, తన పాపాలన్నీ ప్రభువు సిలువ మీద మోశాడని, రక్తంతో కడిగేశాడని వెక్కివెక్కి ఏడ్చాడు. ఏ పాపమో మాత్రం చెప్పలేదు. డొల్ల బండ ఊసు లేదు, మా నాయన ఊసు లేదు. చర్చి అంతా కళ్లు తుడుచుకుంది. అప్పటి పాస్టరుగారు ఆయన్ని చేయి పట్టుకుని మా అమ్మ దగ్గరికి తెచ్చి, వందనాలు చెప్పుకోమన్నారు. అమ్మ తన రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుని నిలబడింది.

ఇంటికి వచ్చాక పొయ్యి రాజేస్తూ అమ్మ అన్న మాట నాకు ఏ ప్రసంగం కన్నా పెద్దది. "దేవుడు మాఫ్ జేసిండట! బండ దేవుని మీద పడ్డదా? మీ నాయన మీద పడ్డది. మరి మనల్ని అడగొద్దా?"

ఆ ప్రశ్న నాలో దిగబడిపోయింది. సండే స్కూల్లో పాఠం చెప్పే అక్క మాకు చెప్పేది: దోషం చేసింది మనం, శిక్ష పడింది ఏ దోషమూ లేని ఆయనకు, అందుకే మనం విడుదలయ్యాం. మిగతా పిల్లలు కళ్లు మూసుకుని ఆమెన్ అంటుంటే నాకు మాత్రం ఎంక్వయిరీ గది కళ్ల ముందుకు వచ్చేది. ఏ దోషమూ లేనివాడి మీద దోషం వెయ్యడం, చేసినవాడు చేతులు దులుపుకుని బయటికి రావడం, మా ఇంట్లో జరిగింది అచ్చంగా అదే కదా! బాయి ఆఫీసులో చేస్తే అన్యాయమైనది గుడిలో చెబితే సువార్త ఎలా అవుతుందని లేచి అడిగాను. అక్క నన్ను బయట ఎండలో నిలబెట్టింది. ఒక్కటి చెప్పాలి, మేకులు దిగిన ఆ మనిషి మీద నాకు ఎన్నడూ కోపం లేదు. ఆయన్నీ మా నాయనలాగే ఇరికించారని జాలి. నా కోపమంతా ఆయన నెత్తురును సబ్బులా వాడుకున్నవాళ్ల మీద.

అమ్మ కంపెనీ దవాఖానాలో ఊడ్చే పని చేసి నన్నూ తమ్ముణ్నీ చదివించింది. సర్దారు సంఘపెద్ద అయ్యాడు. చిన్నాయన ఆ దిగులుతోనే తాగి తాగి పోయాడు. అమ్మ పోయేముందు ఒకే ఒక్క కోరిక చెప్పింది: "మీ నాయనది తప్పు లేదని వాని నోట ఒక్కపారి వినాలె బిడ్డా." వినకుండానే పోయింది. ఆ మాట ఆమెకు బదులు నేను వినాలని అన్నేళ్లూ నిప్పు కుంపటిలా దాచుకున్నాను. పగ మంచిది కాదంటారు. నన్ను మాత్రం అదే నడిపించింది.

గుడ్ ఫ్రైడే రోజు తెల్లచీర కట్టుకుని బస్సులో ఇల్లందు వెళ్లాను. ముందు వరసలో సర్దారు, చర్మం అతికించిన ఎముకల గూడులా, తెల్లటి లాల్చీలో. నేను మైకు ముందు నిలబడి మొదటి మాట చదివి, అందులోని మెలిక చెప్పాను. ప్రభువు ఊరికే క్షమించమనలేదు, ఎరుగరు కాబట్టి క్షమించమన్నాడు. మరి ఎరిగి చేసినవాడి సంగతి ఏమిటి? ఆ తర్వాత మా నాయన పేరు చెప్పి, బాయిలో జరిగినదంతా చెప్పి, కుర్చీ వైపు తిరిగి అడిగాను: "ఆ రోజు బండ డొల్లగ మోగిందా లేదా? నీకు ఎరికేనా కాదా?"

ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. "అవ్ బిడ్డా, మోగింది. ఎరికే. మీ నాయనది తప్పు లేదు."

అమ్మ వినాల్సిన మాట. అది నా చెవిన పడిందో లేదో, పాస్టరుగారు పరుగున వచ్చి మైకు అందుకుని, చూశారా సిలువ శక్తి, ఎంత గొప్ప సాక్ష్యమో అని కేక వేశారు. చర్చి అంతా లేచి చప్పట్లు కొట్టింది. హల్లెలూయాలు మిన్నంటాయి. ఆ ఒప్పుకోలు కూడా సర్దారు ఖాతాలోకే పోయింది. కుర్చీలోంచి ఆయన నా చేతి కోసం చేయి చాపాడు.

"మాఫ్ జేసినవా బిడ్డా?"

"దేవుడు ఎప్పుడో జేసిండంటివి గదా, ఇంక నాతోటి పనేంది?" అని మిగతా ఆరు మాటలూ వినకుండా బయటికి వచ్చేశాను.

బస్సు కోసం నడుస్తూ చూశాను. లైన్లు లేవు, ఆ బాయి మూసేసి ఎన్నాళ్లైందో, మేం నీళ్లు పట్టిన చోట సెల్ ఫోన్ల దుకాణాలు. చర్చిలో చప్పట్లు కొట్టినవాళ్లంతా నాయన పోయాక పుట్టినవాళ్లే. మా నాయనది తప్పు లేదని ఇప్పుడు ఇల్లందులో అందరికీ తెలుసు. మా నాయన ఎవరో తెలిసినవాళ్లే అక్కడ సర్దారు తప్ప ఒక్కరూ మిగల్లేదు.