తువ్వాల వేసిన సీటు

పోయిన మంగళవారం పొద్దున హాస్టల్లో ఉప్మా కోసం వరుసలో నిలబడి ఉండగా క్లాసు గ్రూపులో ఒక్క లైను మెసేజ్ వచ్చింది. మా సోషియాలజీ సారు చనిపోయారని. గుండెపోటట. నా ముందున్న అమ్మాయి ఖాళీ ప్లేటుతోనే వరుసలోంచి పక్కకు జరిగింది. నేనూ జరిగాను.

మీలో చాలామంది ఆయనను చూసి ఉండరు. జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పేవారు. హాజరు తీసుకునేటప్పుడు మమ్మల్ని ఊరి పేర్లతో పిలిచేవారు. నేను దంతాలపల్లి. చాక్‌పీసు అరిగి గోరంత అయ్యేదాకా పారేసేవారు కాదు. తెలియని ప్రశ్న అడిగితే "నాకు తెల్వది, రేపు చెప్త" అని చేతి మీద పెన్నుతో రాసుకునేవారు. మర్నాడు చెప్పేవారు కూడా. అంతస్తు, పాత్ర, అనురూపత... ఆయన నోట కొత్త మాట విన్న రోజు హాస్టల్‌కు నడిచినంత దూరం దాన్ని పైకి అనుకుంటూ పోయేదాన్ని.

సామాజిక ప్రమాణాల పాఠం ఆయన పుస్తకం తెరవకుండానే మొదలుపెట్టారు.

"బస్టాండ్ల బస్సు ఆగంగనే ఏం జేస్తరు?"

"కిటికీలకెల్లి దస్తీనో తువ్వాలనో ఏస్తం సార్."

"ఏస్తే?"

"సీటు మనదైతది."

"గట్లని ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలూ చెప్పలే, అందరూ ఇంటున్నరు. గదే ప్రమాణం" అన్నారు సారు. శనివారం ఊళ్ళకు పోయేటప్పుడు ఇలాంటి రాయని నియమం ఒకటి కాసేపు తప్పి చూడమన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమంటారో గమనించి, వెంటనే అసలు సంగతి చెప్పి సర్దుకోవాలి. అదీ పని.

నేను తొర్రూరు బస్సెక్కాను. మూడో వరుసలో కిటికీ పక్క సీటు మీద ఎర్రంచు తువ్వాల ఉంది. దాన్ని కిటికీ ఊచకు తగిలించి కూర్చున్నాను. తోపులాటలోంచి ఒక అవ్వ వచ్చి నిలబడింది.

"బిడ్డా, గది నా తువ్వాల."

"సీటు మీద నీ పేరున్నదా అవ్వా?" అన్నాను. ఆ మాట ముందురోజే తయారు చేసుకున్నాను.

బస్సంతా నా మీద పడింది. "లెవ్వు పిల్లా, పెద్దమనిషి నిలబడ్డది" అని ఒకరు. "మీ కాలేజీల గిదే చెప్తుండ్రా?" అని ఇంకొకరు. నిజంగా కాలేజీలో చెప్పిందే అది. అప్పుడే లేచి సంగతి చెప్పాల్సింది. కానీ అంతమంది అరుస్తుంటే చెప్పే ధైర్యం రాలేదు. బస్సు కదిలింది, నడవంతా నిండిపోయింది. తల వంచుకుని ఎవరేమన్నారో నోట్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చున్నాను. అవ్వ రాడ్డు పట్టుకుని తన ఊరిదాకా నిలబడే వచ్చింది. దిగేటప్పుడు చీర కొంచెం పైకి లేస్తే మోకాలికి కట్టిన పట్టీ కనిపించింది. దవాఖాన నుంచి వస్తోందని అప్పుడు తెలిసింది.

సోమవారం క్లాసులో నా రిపోర్టు చదివాను. పట్టీ సంగతి కూడా చదివాను, గొంతు తగ్గించి. కొందరు నవ్వారు. సారు నవ్వలేదు.

"అవ్వ ఏ ఊర్ల దిగింది?"

చెప్పాను.

"ఆదివారం నువ్వు నేను పోదాం, దంతాలపల్లీ. నువ్వు లేవకపోవుడు నీ తప్పు. మనుషులను అడగకుండ వాళ్ళ మీద పరీక్ష పెట్టుమనుడు నా తప్పు. నాదే పెద్దది." నలభైమంది ముందు ఆ మాట అన్నారు. ఆ పరీక్ష మళ్ళీ ఎవరికీ పెట్టలేదు.

ఊళ్ళో మోకాలి పట్టీ గుర్తు చెప్పి నలుగురిని అడిగితే ఇల్లు దొరికింది. అవ్వ సారుకు మంచినీళ్ళిచ్చి, ఆయన చెప్పిందంతా విన్నది. నేను చేతులు జోడించి తప్పయిందన్నాను. ఆమె నా వైపు తిరగలేదు.

"ఏం సదువు చెప్తవు సారూ నువ్వు?"

"మనుషులు నలుగుర్ల ఎట్ల మసులుకుంటరో చెప్తనవ్వా."

"గది బడికి పోతెనే వస్తదా?"

సారు ఆ మాటకు నవ్వి, తల వంచుకున్నారు. అవ్వే మళ్ళీ అన్నది: "కాలు నొస్తె నొచ్చింది, గది పాతదే. బస్సంత నా దిక్కు సూసింది సారూ. సీటు పోయింది నాకే, సిగ్గు గూడ నాకే అయింది."

ఈ మాట క్లాసులో చెప్పుకోవచ్చా అని సారు అడిగారు. "చెప్పుకో. నా పేరు జెప్పకు" అన్నది. అందుకే ఇక్కడ కూడా ఆమె పేరు రాయడం లేదు.

తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే సారు అన్నారు: "మాఫీ అడుగుడు మన పని. ఇచ్చుడు ఆమె ఇష్టం. ఇయ్యలేదని అలగద్దు." ఆ తర్వాత ఆయన అటువైపు పోయినప్పుడల్లా అవ్వను పలకరించి వచ్చేవారు. రమ్మంటే నేను ఏదో సాకు చెప్పేదాన్ని.

ఈ ఆదివారం ఒక్కదాన్నే పోయాను. ఎవరో ఒకరు ఆమెకు చెప్పాలి కదా. మధ్యాహ్నం అరుగు మీద అవ్వ చాటలో పల్లికాయలు ఒలుస్తోంది. సారు సంగతి చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"పదిరోజుల కింద గూడ వచ్చిపాయె" అన్నది. కొంగుతో కళ్ళొత్తుకుంది. "మోకాలుకు నూనె రాయమని చెప్పిపాయె."

నేను కింద, మెట్టు దగ్గరే నిలబడ్డాను. ఉండాలో పోవాలో తెలియలేదు. ఇంకో నాలుగు కాయలు ఒలిచాక అవ్వ తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"బస్సు ఎన్నింటికి బిడ్డా?"

"నాలుగింటికి."

ఆమె చాటను కొంచెం నా వైపు జరిపింది. అరుగెక్కి ఎదురుగా కూర్చున్నాను. ఆమె ఒక కాయ చిట్లిస్తే నేనొకటి. పొట్టు గాలికి లేచి ఇద్దరి ఒళ్ళోనూ పడుతోంది. పప్పులు మధ్యనున్న ఒకే గిన్నెలోకి పడుతున్నాయి.