కుదరని పాఠం చెప్పుకున్న శనివారాలు

మొన్న మా కోడలు, ఆమె కూడా టీచరే, తోటి టీచర్ల మీటింగులో చెప్పడానికి మంచి విజయగాథ ఒకటి రాసిమ్మని అడిగింది. కుదరని పాఠం గురించి రాస్తానంటే, "గసొంటియి ఎవరు చెప్తరు అత్తమ్మా, ఇజ్జత్ పోతది" అని నవ్వింది. ఆ ఇజ్జత్ నేను ఎడపల్లి దగ్గరి బడిలో చేరిన ఏడాదే పోగొట్టుకున్నాను, ఇప్పటికీ నాకు చింత లేదు.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఇంకా నడిచే ఆ రోజుల్లో, చెరుకు నరకడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీల పిల్లలు సీజనంతా మన బళ్లలోనే కూర్చునేవారు. వాళ్లకు తెలుగు రాదు, నాకు మరాఠీ రాదు. ఎంత అడిగినా నోరు విప్పకపోతే మొద్దులనుకుని చివరి వరసలో కూర్చోబెట్టాను.

చుట్టుపక్కల బళ్లలో పనిచేసే ఆడవాళ్లం కొందరం శనివారం బడి అయ్యాక బోధన్ బస్టాండులో కూడేవాళ్లం. ఆ వారం ఎవరికి ఏ పాఠం కుదరలేదో వాళ్లు దాన్ని అక్కడ మళ్లీ చెప్పాలి, మిగతావాళ్లం పిల్లలమైపోవాలి, అదీ మా కట్టుబాటు. నా వంతు వచ్చినప్పుడు, ఆ పిల్లలు నోరు విప్పని లెక్కల పాఠమే తీసుకున్నాను. మాలో పెద్దదైన, మరాఠీ బాగా వచ్చిన ఒక అక్క, తిరగేసి నన్నే పిల్లగా కూర్చోబెట్టి, లెక్కంతా మరాఠీలో చెప్పి, లేచి జవాబు చెప్పమంది. ఒక్క ముక్క అర్థం కాక, అందరూ నన్నే చూస్తుంటే ఏడుపొచ్చేసింది.

"గిప్పుడు సమజైందా చెల్లె? ఆ పోరగాండ్లు మొద్దులు గాదు, బుగులు పడ్డరు, భయంతోని నోరు వస్తలేదు" అంది.

సోమవారం వాళ్లను ముందు వరసలోకి తెచ్చుకున్నాను, లెక్కలకు సరిపడా మరాఠీ ఆ అక్క దగ్గరే నేర్చుకున్నాను. ఇది మా హెడ్మాస్టరుకు గిట్టలేదు. సీజన్ కాగానే పోయే పిల్లలకు ఇంత అవసరమా అని, పైగా పాఠం రాదని బస్టాండులో చాటుకోవడం బడికే అవమానమని పై అధికారికి చెప్పాడు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ కూడడం మానతావా, ఈ బడి వదులుతావా అని అధికారి అడిగాడు.

"రాదు కాబట్టే నేర్చుకుంటున్న సార్, మాన" అన్నాను.

జక్రాన్‌పల్లి వైపు పంపారు. వెళ్లాను. వెళ్లి అక్కడా నలుగురిని కూడగట్టాను.

ఇప్పుడు అలాంటి మీటింగులు సర్కారే పెడుతోంది, టీ ఇస్తోంది, ఫొటోలు తీస్తోంది, సంతోషమే. అయితే అందరూ గెలిచిన కథలే చెబుతుంటే, పొద్దున పాఠం చెప్పలేక కళ్లనీళ్లు పెట్టుకున్న కొత్త టీచరమ్మ ఎవరి పక్కన కూర్చోవాలి? ఆ శనివారం నన్ను కూడా కుదిరిన పాఠమే చెప్పమని ఉంటే, ఏదో ఒకటి బాగానే చెప్పి చప్పట్లు కొట్టించుకునేదాన్ని. ఆ పిల్లలు మాత్రం చివరి వరసలోంచే లేచి, వాళ్ల ఊరికి వెళ్లిపోయేవారు.