నాన్న సానపట్టిన సిలిండరు

నాన్న పోయాక ఆయన బండి రెండేళ్లు వసారాలో గోనెపట్టా కింద ఉండిపోయింది. భీమవరంలో మెకానిక్ షెడ్డు నడిపినన్నాళ్లూ దాని ఇంజను మీద మరొకరి చేయి పడనివ్వలేదాయన. చివరిసారి అరిగిన సిలిండరును బోరు చేయించి వెడల్పు పెంచినప్పుడు లోపలి గోడను తన చేత్తోనే సానపట్టారు. అదే ఆఖరి సైజు. అంతకంటే పెద్ద పిస్టన్ దానికి దొరకదు. గోడ మీద లోతుగా ఒక్క గీత పడితే చాలు, నాన్న పని అక్కడితో చెరిగిపోయినట్టే.

క్రితం ఏడాది అన్నయ్య పట్టా తీశాడు. రొయ్యల చెరువుల నుంచి నీటి శాంపిళ్లు ల్యాబుకు చేర్చడం అతని పని. బండికి ఊపు కావాలన్నాడు. సిలిండరు పైమూత, అదే హెడ్డును, లేత్‌లో కాస్త చెక్కించుకొచ్చాడు. ఇక తేలాల్సింది హెడ్డుకూ సిలిండరుకూ మధ్య వేసే ప్యాకింగు. రెండు తెచ్చాడు. ఒకటి మిల్లీమీటరు మందం, రెండోది అందులో సగం. పలచనిది వేస్తే పెట్రోలూ గాలీ ఇంకా ఇరుకులో నలుగుతాయి. ఊపుతో పాటు వేడీ పెరుగుతుంది.

దేనితో ఎంత ఒత్తిడి వస్తుందో లెక్క నాకు అప్పగించాడు. నలుగురిలో నోరు విప్పను గానీ, నాన్న సర్వీసు మాన్యువల్‌ను కథల పుస్తకంలా చదివానని అతనికి తెలుసు. హెడ్డును వెల్లకిలా పెట్టి, పైన గాజుపలక మూసి, దాని రంధ్రంలోంచి సిరంజితో కిరసనాయిలు నింపాను. పదమూడు సీసీలు పట్టింది. మందపాటి ప్యాకింగుతో కంప్రెషన్, అంటే లోపలి గాలి నలిగే లెక్క, పదిన్నర రెట్లు. పలచనిదానితో పదకొండు దాటింది.

"పదకొండా! ఇంకేం, అదే వేసేద్దాం."

"బంకు పెట్రోలైతే పర్లేదు గానీ..." అని ఆగిపోయాను.

"ఏంటే నసుగుతావు?"

"ఏం లేదు."

"నువ్వు డైరీ రాసుకో. బండి నేను తోల్తాను."

చెరువుల దారిలో బంకులుండవు. కిరాణా కొట్ల ముందు నీళ్ల సీసాల్లో పోసి అమ్ముతారు. అందులో ఏం కలిసిందని ఎవరూ అడగరు, అన్నయ్య అసలే అడగడు. అలాంటి పెట్రోలు అంత ఒత్తిడికి తట్టుకోలేక, వేళ కాకుండానే అంటుకుని పిస్టన్‌ను కొడుతుంది. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: "సీసా పెట్రోలుకు పదకొండు ఎక్కువ. అన్నయ్యకు చెప్పాలి."

చెప్పలేదు. నాన్న పోయాక మొదటిసారి అతను ఈల వేస్తూ స్పానర్లు తుడుస్తున్నాడు.

రెండు వారాల తర్వాత నన్ను వెనక కూర్చోబెట్టుకుని కాలవ వంతెన ఎక్కుతుండగా వినబడింది, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి కదిపినట్టు.

"అన్నయ్యా, ఆపు."

"చైను సౌండే అది."

"చైను కాదు. ఆపు!"

నా గొంతు అంత పెద్దగా వినడం అతనికి కొత్త. ఆపేశాడు.

"ఎన్నాళ్ల నుంచి వస్తోందిది?"

"నాలుగు రోజులు."

ఇంటికి తోసుకొచ్చి విప్పాం. పిస్టన్ అంచు ఎలుక కొరికినట్టుంది. ఊడిన ముక్కలు సిలిండరు గోడను పైనుంచి కిందికి గీరేశాయి. అన్నయ్య గోరుతో అడ్డంగా రాశాడు. గీత దగ్గర గోరు ఆగింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పవేం? తిడతాననా?"

"కాదు. నువ్వు ఈల వేస్తున్నావు."

అతని చేతిలో గుడ్డ ఉంది గానీ దేన్నీ తుడవలేదు.

తణుకులో లేత్ నడిపే పెద్దాయన నాన్నకు పాత స్నేహితుడు. సిలిండరును వెలుతురుకేసి తిప్పి చాలాసేపు చూశాడు.

"ఆయ్, పాత గోడ చెక్కేసి లోపల కొత్త ఇనప గొట్టం, స్లీవు దిగ్గొడితే బండి నడుస్తుందండి. మీ నాన్నగారి చేతిపని మాత్రం మిగలదు. ప్యాకింగు మందందే వేసుకోండి మరి."

అన్నయ్య నా వైపు చూశాడు. ఏమనాలో నాకే వదిలేశాడని అర్థమైంది.

"చేసేయండి," అన్నాను.

మిషను తిరిగింది. నాన్న గంటల తరబడి సానపట్టిన గోడ బూడిదరంగు పొడిగా రాలసాగింది. కూర్చోమని స్టూళ్లు వేశారు. మేమిద్దరం కూర్చోలేదు.