ఖాళీ డబ్బా నా చేత్తో ఇవ్వను

లక్ష్మీకాంతం ఎవరింటి గిన్నెనూ ఖాళీగా తిప్పి పంపిన మనిషి కాదు. కెనడా వచ్చి, స్కార్‌బరోలో మబ్బుల్లో వేలాడే అపార్ట్‌మెంట్‌లో కాపురమైనా సరే, పక్క ఫ్లాటు మీనాక్షి గారు సాంబారు పంపిన గిన్నెలో గుప్పెడు పంచదారైనా పోయందే గడప దాటనివ్వదు. ఖాళీ గిన్నె ఇచ్చినవాళ్ళకూ మంచిది కాదు, పుచ్చుకున్నవాళ్ళకూ మంచిది కాదు. ఎందుకు కాదని అడిగితే మాత్రం మండిపడుతుంది. "అన్నిటికీ ఎందుకూ ఎందుకూ అంటే ఎలా? అన్నం నోట్లోనే ఎందుకు పెట్టుకుంటున్నావు?" అంటుంది.

చదివింది మూడో తరగతి. సంతకం పెడుతుంది, బస్సు నంబరు చూసి ఎక్కుతుంది. అంతకు మించి అక్షరాలతో ఆమెకు పని పడలేదు, పడిందని ఎవరిముందూ ఒప్పుకోలేదు. కోడలు దమయంతి ఉద్యోగానికి వెళితే చంటిపిల్లను చూసుకోవడానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. ఆ పిల్లకు నీళ్ళు పోసింది, మంచు బూట్లు తొడిగింది, స్కూలు బస్సు కోసం చలిలో నిలబడి వణికింది, ఇన్ని చేసినందుకు కడుపునిండా తిట్టింది. ఆ పిల్లే నిఖిల. త్వరలో ఎక్కడో దూరాన సస్కటూన్‌లో యూనివర్సిటీకి వెళ్ళబోతోంది, పొలం మట్టి గురించి చదవడానికి.

"మట్టి చదవడానికి విమానం ఎక్కాలా? మా నాన్న చదివిందీ జీవితమంతా అదేగా" అని ఒకసారి అని ఊరుకుంది. ఊరుకున్నది నోరు మాత్రమే.

నిఖిల చిన్నప్పటి వీడియోలన్నీ ఒక పాత టాబ్లెట్‌లో ఉన్నాయి. లక్ష్మీకాంతం దాన్ని పలక అంటుంది. నానమ్మ కథ చెబుతుంటే, అన్నం పెడుతుంటే, ఆ పిల్ల తన బుల్లి చేతులతో తీసుకున్నవి. ఈమధ్య ఆ పలక వీపు పూరీలా ఉబ్బింది. ఛార్జరు పీకితే ప్రాణం పోతుంది. దూరం వెళ్ళిన మనవరాలికి ఉత్తరాలు రాసే నానమ్మలుంటారు, ఫోనులో నాలుగు ముక్కలు కొట్టి పంపేవాళ్ళూ ఉంటారు. ఈవిడకు ఆ రెండూ రావు. పిల్ల వెంట పంపడానికి ఆమె దగ్గర ఉన్నదల్లా ఆ పలకలోని తన గొంతే.

అందుకే కొడుకు చక్రధర్‌ని పిలిచి చెప్పింది. "వీడియోలు దాచుకునే డబ్బాలు అమ్ముతారటగా. నా తరఫున పిల్లకి అదే ఇస్తాను. కొనుక్కురా."

కొనుక్కురా అంటే కొట్టుకెళ్ళి కొనుక్కురమ్మని ఆమె ఉద్దేశం. చక్రధర్ సాఫ్ట్‌వేర్ మనిషి. కంప్యూటరు ముందు కూర్చుని, ఎవరెవరో డబ్బాలు విప్పి చూపించే వీడియోలు చూడడం మొదలుపెట్టాడు.

"హార్డ్ డిస్క్ అయితే లోపల చక్రం తిరుగుతుందమ్మా, కిందపడితే పోతుంది. ఎస్ఎస్‌డీ అయితే తిరగదు."

"తిరగనిదే తే."

"దాని స్పీడు చూడాలి కదా."

"ఎందుకు, పందెంలో పరిగెత్తిస్తావా?"

దమయంతి మధ్యలో దూరింది. "ఈ గొడవంతా దేనికత్తయ్యా? క్లౌడ్‌లో పెట్టేస్తే సరి. కంపెనీవాళ్ళ కంప్యూటర్లలో ఉంటాయి, నెలనెలా కట్టుకుంటే చాలు."

"మన పిల్ల బొమ్మలు ఊళ్ళోవాళ్ళింట్లో పెట్టి, అద్దె మనం కట్టాలా? బాగుంది తెలివి!"

మర్నాటికి చక్రధర్‌కి ఇంకో ఆలోచన వచ్చింది. రెండు డిస్కులు పట్టే పెద్ద పెట్టె, ఒకటి పోయినా రెండోది ఉంటుందట. హాస్టల్ గదిలో ఆ పిల్ల దాన్ని తలకింద పెట్టుకుంటుందా, తలమీద పెట్టుకుంటుందా అని అడిగింది తల్లి. నెల గడిచింది. లక్ష్మీకాంతానికి తల తిరిగిపోయింది.

"నిన్ను చూడ్డానికొచ్చినప్పుడు కూడా వీడింత ఆలోచించలేదే" అంది కోడలితో.

"అప్పుడు తప్పు చేశాననుకుని ఇప్పుడు జాగ్రత్తపడుతున్నారేమో అత్తయ్యా!"

చివరికి ప్రయాణం ముందురోజు మధ్యాహ్నం డబ్బా వచ్చింది. అగ్గిపెట్టెకి అన్నలా ఉంది.

"దీనికా ఇంత రామాయణం? సరే, అన్నీ ఎక్కాయా?"

"ఏంటి ఎక్కడం? కొత్తదమ్మా, ఖాళీగా ఉంటుంది. సీల్ కూడా తియ్యలేదు. గిఫ్ట్ అంటే సీల్‌తోనే ఇవ్వాలి. తన ఫోన్లో ఉన్నవి అక్కడికెళ్ళి అదే ఎక్కించుకుంటుంది."

"మరి పలక?"

"అది డేంజర్. బ్యాటరీ ఉబ్బింది, ఎప్పుడంటుకుంటుందో తెలీదు. రీసైక్లింగ్‌లో ఇచ్చేద్దామని కార్లో పెట్టాను."

లక్ష్మీకాంతం వంటింట్లోకి వెళ్ళి పంచదార డబ్బా, చెంచా పట్టుకొచ్చింది. కత్తెరతో సీలు పరపరా కోసింది. డిస్కు బయటికి తీసి, తీగ పెట్టే సందు ఎటుందో చూసి, చెంచా నిండా పంచదార తీసుకుంది.

"అమ్మా! ఏం చేస్తున్నావ్?"

"ఖాళీ డబ్బా నా చేత్తో ఇవ్వను. నువ్వు నింపుతావా, నన్ను నింపమంటావా?"

"పంచదార పోస్తే పాడైపోతుందే!"

"పోనీ. ఖాళీగా ఉండేకంటే తియ్యగా పోతుంది."

చక్రధర్ చెప్పులు కూడా వేసుకోకుండా లిఫ్టు వైపు పరిగెత్తాడు. పలకను తెచ్చి, ఎక్కడ అంటుకుంటుందోనని బాల్కనీ గచ్చు మీద స్టీలు పళ్ళెంలో పెట్టి, దూరంగా కూర్చుని లాప్‌టాప్‌కి తగిలించాడు. వీడియోలు ఒక్కొక్కటే డిస్కులోకి నత్తలా ఎక్కసాగాయి. సగం దాటాయో లేదో పలక ఆరిపోయింది. ఛార్జరు మార్చాడు, బటన్లు నొక్కాడు, బతిమాలాడు. లేవలేదు.

"నెల రోజులు డబ్బాని ఎంచావు. ఒక్కపూటైనా ముందే పలక ముట్టుకున్నావా?" అంది లక్ష్మీకాంతం. ఆమె గొంతు అంత మెల్లగా పలకడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు.

సూట్‌కేసు సర్దుకుంటున్న నిఖిల ఈ గొడవకి బయటికొచ్చి, ఎక్కిన వీడియోల్లో ఒకటి తెరిచింది. తెరమీద సీలింగు, దానికడ్డంగా బొటనవేలు. వెనక నుంచి గొంతు. "ఒసేయ్ నిఖిలా, ఆ ముద్ద బుగ్గనే పెట్టుకున్నావంటే బుగ్గలో కందిచెట్టు మొలుస్తుంది, చూసుకో!" రెండోదాంట్లో కార్పెట్టు, అదే గొంతు. మూడోదాంట్లో బొటనవేలు తప్ప ఏమీ లేదు, గొంతు మాత్రం ఇంకా పైకి లేచింది.

"కథలేవే?" అంది లక్ష్మీకాంతం.

కథలు రాలేదు. అన్నీ మిగిలిన సగంలో ఉండిపోయాయి.

"అంటే వచ్చినవన్నీ తిట్లేనా! నా పేరు నిలబెట్టడానికి అవే దొరికాయా!"

నిఖిల నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "నో నానమ్మా, దీజ్ ఆర్ ద బెస్ట్. అక్కడ నన్ను ఎవరూ తిట్టరు కదా."

లక్ష్మీకాంతం డిస్కు చేతిలోకి తీసుకుని కొడుకునడిగింది. "ఇందులో ఇంకా ఎంత ఖాళీ ఉంది?"

"దాదాపు అంతా ఖాళీయే అమ్మా."

ఆమె బాల్కనీలో కుర్చీ లాక్కుని కూర్చుంది. కొంగు సర్దుకుంది. "నీ ఫోను తియ్యవే. నక్క కథ చెబుతాను, ఆ తర్వాత ఏడు చేపల కథ. ఈసారైనా వేలు అడ్డం పెట్టకు."

"ఉండమ్మా" అన్నాడు చక్రధర్. "దాని ఫోను కెమెరా అంత బాగుండదు. నా ఫోనా, దమయంతి ఫోనా, ఏది బెటరో ఒకసారి చూసి..."

"నువ్వు లోపలికి పో" అని, లక్ష్మీకాంతం గొంతు సవరించుకుంది.