ఎల్లవ్వ చేనులో నా గుడ్ల పాఠం

నవ్వకుండా వింటానంటేనే చెప్తాను. జంతుశాస్త్రంలో పట్టా ఉన్న నేను, పోయిన వానాకాలం అత్వెల్లిలో ఒక ఆముదం చేనుకు పురుగుల కంటే ఎక్కువ నష్టం చేశాను!

ఆ చేను మా పక్కింటి ఎల్లవ్వది. రెండెకరాలు. ఏడాదంతా ఆ ఇంటికి అదే ఆధారం. మా కాలంలో బీఎస్సీ అంటే మాటలా? కోయడానికి కప్పలు కావాలంటే శామీర్‌పేట చెరువు దాకా సైకిల్ తొక్కేవాళ్ళం. ఒకసారి కప్ప బదులు... సరే, అది వదిలేద్దాం.

ఒక పొద్దున ఎల్లవ్వ ఆముదం ఆకు పట్టుకొని వచ్చింది. దాని మీద దాసరి పురుగు. మామూలుగా వీపు విల్లులా వంచి నడుస్తుంది. ఇది మాత్రం కదలడం లేదు. వెనక భాగానికి బియ్యపు గింజ లాంటిది అతుక్కుని ఉంది.

"గిదేంది సార్?"

"గుడ్డు! ఇప్పుడే పెట్టింది. బాలింత నీరసం, అందుకే కదుల్తలేదు."

"పురుగు గుడ్డు పెడ్తదా సార్? రెక్కలొచ్చినంక గదా పెట్టేది?"

"ఎల్లవ్వా, కాలేజీకి నువ్వు పోయినవా, నేను పోయిన్నా?"

గింజ ఉన్నవాటినే ఏరి కిరసనాయిలు డబ్బాలో వెయ్యమన్నాను. సంతానం లేకపోతే మిగతావి ఎన్నాళ్ళుంటాయి! మూడు రోజులు ఎల్లవ్వ, కోడలు నడుములు వంచి ఏరారు. పది పురుగులను నేను పచ్చడి సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి దాచాను. మేడ్చల్ ఎస్టీడీ బూత్ నుంచి వ్యవసాయాధికారికి ఫోన్ కూడా చేశాను, వచ్చి నా పద్ధతి చూడమని!

ఆయన మరుసటి వారం వచ్చేసరికి ఆకులకు ఈనెలే మిగిలాయి.

"గింజలున్నవి ఏరమని ఎవరు చెప్పిండ్రు?"

ఎల్లవ్వ నన్ను చూసింది. నేను ఆకాశం చూశాను.

"అది గుడ్డు కాదు సార్, కందిరీగ జాతి చిన్న ఈగ గూడు. ఆ ఈగ పురుగు ఒంట్లో గుడ్డు పెడ్తది. కొన్ని పురుగుల నెత్తుట్ల కణాలు గుడ్డును చుట్టుముట్టి, ఊపిరాడకుండ చేస్తయ్. ఆ పురుగులు బతుకుతయ్, పిల్లలకూ ఆ బలం ఇస్తయ్. ఈగలేం తక్కువా? గుడ్డుతోపాటు మత్తుమందు పంపి ఆ కాపలాను పండబెడ్తయ్. తరతరాల కుస్తీ ఇది! గెలిచిన ఈగలను మీరు చంపించి, పురుగుల్ల పహిల్వాన్లను సాకిండ్రు!"

అప్పుడు గుర్తొచ్చింది. ఫైనల్ పరీక్షలో ఇదే ప్రశ్నకు నాలుగు పేజీలు రాశాను. మంచి మార్కులు కూడా వచ్చాయి!

సీసా! ఇంటికి పరుగెత్తాను. లోపల నల్లటి చుక్కల్లాంటి ఈగలు కొట్టుకుంటున్నాయి. తెచ్చి చేనులో గుడ్డ విప్పాను. ఒక్కటొక్కటే ఎగిరిపోయాయి.

"సార్ గుడ్లు పొదిగిండ్రు!" అంది ఎల్లవ్వ. ఆఫీసరు నవ్వలేక దగ్గాడు.

మందు కొడితే ఈ ఈగలూ చస్తాయని, కొట్టొద్దన్నాడాయన. కొత్త ఆకు వచ్చింది, ఆలస్యంగా వేసిన గెలలతో ఆ ఇల్లు ఎలాగో గట్టెక్కింది.

ఇప్పటికీ ఏ పురుగు దొరికినా ముందు నా దగ్గరికే తెస్తుంది. "సార్, చంపాల్నా?"

"చంపు!" అంటాను ధైర్యంగా.

ఎల్లవ్వ జాగ్రత్తగా తీసుకెళ్ళి దాన్ని మళ్ళీ చేనులో వదిలేస్తుంది. ఈ ఏడు పంట మస్తుగా ఉంది. అంతా నా సలహా వల్లే!